హక్కు చట్టంలో, కొలత బడ్జెట్‌లో

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో వికలాంగుల సంక్షేమం చర్చకు వచ్చినప్పుడు సాధారణంగా వాషింగ్టన్‌లోని కాంగ్రెస్ పేరు, దేశాధ్యక్షుని పేరు వినిపిస్తాయి. కాని కదలలేని మనిషికి స్నానం చేయించి అన్నం తినిపించే సహాయకురాలు నెలకు ఎన్ని గంటలు రావాలి, ఆమెకు గంటకు ఎంత వేతనం ముట్టాలి, మాట ఆలస్యమైన పిల్లవాడికి శిక్షణ ఎప్పుడు మొదలుకావాలి, ఆ ఖర్చు ఎవరి ఖాతాలో పడాలి అనే ప్రశ్నలలో అధిక భాగానికి జవాబు దొరికేది రాష్ట్రాల శాసనసభలలోనే. ఆ సభలు చేసే చట్టాలను, అంతకంటె ముఖ్యంగా అవి ఆమోదించే బడ్జెట్లను, కాలిఫోర్నియా రాష్ట్రం ఆధారంగా పరిశీలించడం ఈ ప్రసంగం ఉద్దేశం. వికలాంగుల సేవలను దయాధర్మంగా గాక హక్కుగా శాసనంలో రాసుకున్న రాష్ట్రాలలో కాలిఫోర్నియా అందరికంటె ముందున్నది. ఆ హక్కు అర్ధశతాబ్దం పాటు ఖజానాతో ఎలా పెనగులాడిందో అక్కడి బడ్జెట్ చరిత్ర చెబుతుంది. ఫ్రీమాంట్, శాన్ హోసే, శాన్ రామన్ వంటి పట్టణాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో ఆటిజం ఉన్న పిల్లల తల్లిదండ్రులకు ఈ చరిత్ర ఇంటి విషయం కూడా.

ముందుగా డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో చూడాలి. 1965 జూలై 30న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ సంతకంతో మెడికెయిడ్ అనే వైద్య సహాయ పథకం ఏర్పడింది. తక్కువ ఆదాయం గలవారికీ వికలాంగులకూ వైద్యం అందించే ఈ పథకాన్ని నడిపేది రాష్ట్రం. ఖర్చును పంచుకునేది రాష్ట్రమూ కేంద్రమూ. కేంద్రం వాటాను రాష్ట్రపు తలసరి ఆదాయాన్ని బట్టి లెక్కకట్టే సూత్రం ఒకటి ఉంది. దాని ప్రకారం పేద రాష్ట్రమైన మిసిసిపీకి ప్రతి నూరు డాలర్ల ఖర్చులో 75కు పైగా కేంద్రం ఇస్తే, సంపన్న రాష్ట్రమైన కాలిఫోర్నియాకు కనీస వాటా అయిన 50 మాత్రమే వస్తుంది. కాలిఫోర్నియాలో ఈ పథకాన్ని మెడి-కాల్ అంటారు. సగం సొమ్ము కేంద్రం నుంచి వస్తున్నదంటే, రాష్ట్రం ఒక డాలరు పొదుపు చేసినప్పుడు సేవలలో రెండు డాలర్ల కోత పడుతుందని కూడా అర్థం. బడ్జెట్ చర్చలలో ఈ రెండో సగం చాలా తరచుగా మరుగున పడిపోతుంది.

మెడికెయిడ్ పుట్టుకలోనే ఒక వంకర ఉంది. నర్సింగ్ హోమ్‌లో, అంటే దీర్ఘకాలం పడకకు పరిమితమైనవారిని ఉంచే సంస్థలో, అయ్యే ఖర్చును రాష్ట్రం తప్పనిసరిగా భరించాలి. అదే మనిషి తన ఇంట్లో ఉంటూ పొందే సహాయానికి ఖర్చు పెట్టాలా వద్దా అన్నది రాష్ట్రం ఇష్టం. అయోవా రాష్ట్రంలో శ్వాసయంత్రం మీద ఆధారపడిన కేటీ బెకెట్ అనే పసిపిల్ల ఆస్పత్రిలో ఉంటేనే ప్రభుత్వం డబ్బు చెల్లిస్తుందని, ఇంటికి వెళితే చెల్లించదని 1981లో దేశమంతటికీ తెలిసినప్పుడు అధ్యక్షుడు రీగన్ సైతం ఆ నిబంధనను తప్పుపట్టాడు. అదే ఏడాది వచ్చిన సవరణ రాష్ట్రాలకు వేవర్ అనే వెసులుబాటు కల్పించింది. వేవర్ అంటే కేంద్ర నిబంధనలలో కొన్నింటిని సడలించి, సంస్థలో పెట్టవలసిన ఖర్చును ఇంటి దగ్గర పెట్టడానికి ఇచ్చే అనుమతి. అయితే వేవర్ కింద ఎంతమందిని తీసుకోవాలో పరిమితి విధించుకునే స్వేచ్ఛ రాష్ట్రానిదే కావడంతో, దేశం మొత్తం మీద 7 లక్షలకు పైగా మనుషులు 2024లో ఇటువంటి సేవల కోసం నిరీక్షణ జాబితాలలో ఉన్నారు. ఐచ్ఛికమని రాసిన ప్రతి సేవా కరువుకాలంలో కోతకు ముందు వరుసలో నిలబడుతుందన్నది అమెరికా రాష్ట్రాల బడ్జెట్లను పరిశీలించిన వారందరికీ తెలిసిన సంగతి.

కాలిఫోర్నియా కథ మెడికెయిడ్ కంటె కొంచెం ముందుగానే మొదలైంది. 1960ల నాటికి బుద్ధిమాంద్యం గల పిల్లలను కన్న తల్లిదండ్రులకు అక్కడ ఉన్నవి రెండే దారులు. ఒకటి ఏ సహాయమూ లేకుండా ఇంట్లో పెంచుకోవడం. రెండవది ఊరికి దూరంగా కట్టిన ప్రభుత్వ ఆస్పత్రికి అప్పగించి రావడం. 1968 నాటికి ఆ ఆస్పత్రులలో 13 వేల మందికి పైగా ఉండగా, లోపల చోటు కోసం బయట వేల కుటుంబాలు ఎదురుచూస్తుండేవి. తల్లిదండ్రుల సంఘాలు పట్టుబట్టగా 1965లో శాసనసభ ఒక చిన్న ప్రయోగానికి ఒప్పుకొని, లాస్ ఏంజెలిస్‌లో ఒకటి, శాన్ ఫ్రాన్సిస్కోలో ఒకటి చొప్పున రెండు ప్రాంతీయ కేంద్రాలను తెరిచింది. పిల్లవాడిని సంస్థ దగ్గరకు పంపకుండా, సేవను పిల్లవాడి దగ్గరకు తెచ్చే ఏర్పాటు అది.

ఆ ప్రయోగాన్ని రాష్ట్రమంతటికీ విస్తరింపజేసిన 1969 నాటి చట్టం ఫ్రాంక్ లాంటర్‌మన్ పేరు మీద లాంటర్‌మన్ చట్టంగా ప్రసిద్ధికెక్కింది. యౌవనంలో సినిమా థియేటర్లలో ఆర్గన్ వాయించి జీవించిన లాంటర్‌మన్, తరువాత రిపబ్లికన్ పార్టీ తరఫున పాతికేళ్లకు పైగా శాసనసభలో కూర్చున్నాడు. ప్రభుత్వ ఖర్చు తగ్గాలనే పక్షానికి చెందిన సభ్యుడు ప్రతిపాదించిన ఆ బిల్లు మీద అదే పక్షపు గవర్నరు రొనాల్డ్ రీగన్ సంతకం చేశాడన్న విషయం, వికలాంగుల సేవలను ఒక పార్టీ సొత్తుగా చూపే నేటి వాదాలు విన్నప్పుడు గుర్తుకు తెచ్చుకోదగినది. మొదట బుద్ధిమాంద్యానికి పరిమితమైన చట్టం 1970లలో సెరిబ్రల్ పాల్సీ, మూర్ఛ, ఆటిజం ఉన్నవారికి కూడా వర్తించింది. పద్దెనిమిదేళ్ల లోపు మొదలై, జీవితాంతం కొనసాగుతూ, రోజువారీ పనులకు గట్టి ఆటంకం కలిగించే ఇటువంటి స్థితులను చట్టం ఎదుగుదల వైకల్యాలు అనే ఒకే వర్గంగా చూస్తుంది.

చట్టం నిర్మాణం ప్రత్యేకమైనది. సేవలందించే బాధ్యత నేరుగా ప్రభుత్వ కార్యాలయాలకు గాక, ప్రభుత్వంతో ఒప్పందం చేసుకున్న లాభాపేక్ష లేని 21 ప్రాంతీయ కేంద్రాలకు అప్పగించారు. ప్రాంతీయ కేంద్రం ప్రతి వ్యక్తికీ ఒక లిఖిత ప్రణాళిక తయారు చేస్తుంది; ఆ వ్యక్తి, కుటుంబం, కేంద్రం ఉద్యోగి కలిసి కూర్చుని ఏ సేవ ఎంత కావాలో అందులో రాస్తారు. తల్లిదండ్రులకు కొన్ని గంటల విరామం దొరికేలా వేరొకరు వచ్చి పిల్లవాడిని చూసుకోవడం, పెద్దయిన తరువాత పగటిపూట వెళ్లే శిక్షణ కేంద్రం, స్వంతంగా ఇల్లు తీసుకుని ఉండేవారికి సహాయకులు, రాకపోకలకు వాహనం వంటివన్నీ ఈ ప్రణాళికలో భాగం కావచ్చు. అర్హతకు ఆదాయం కొలమానం కాదు, పౌరసత్వమూ అక్కరలేదు. కాలిఫోర్నియాలో నివాసం, చట్టం చెప్పిన వైకల్యం ఉంటే చాలు. అయితే ప్రాంతీయ కేంద్రం చిట్టచివరి చెల్లింపుదారు: పాఠశాల, ఆరోగ్య బీమా, మెడి-కాల్ వంటి వేరే ఎవరైనా ఇవ్వవలసిన సేవ ఉంటే ముందు వారిని అడిగి, వారు ఇవ్వకపోతేనే కేంద్రం దగ్గరకు రావాలి. కుటుంబాల ఓపికలో సగం ఈ ఒక్క నిబంధన దగ్గరే ఖర్చవుతుందంటే అతిశయోక్తి కాదు.

రాసుకున్న హక్కు నిజంగా హక్కేనా అన్న ప్రశ్న 1980ల ఆరంభంలో, రాష్ట్రం డబ్బుకు ఇబ్బంది పడినప్పుడు తలెత్తింది. ఫలానా రకం సేవలను తగ్గించుకోవాలని, ఈ సేవలను పర్యవేక్షించే రాష్ట్ర శాఖ ప్రాంతీయ కేంద్రాలను ఆదేశించగా తల్లిదండ్రుల సంఘం కోర్టుకు వెళ్లింది. 1985లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఈ రంగంలో పునాది రాయి వంటిది. చట్టం వికలాంగునికి ఒక హక్కును, రాష్ట్రానికి దానికి సరిపడే బాధ్యతను ఇచ్చిందని, సేవను ఎలా అందించాలన్న దానిలో కేంద్రాలకు స్వేచ్ఛ ఉందిగాని అందించాలా వద్దా అన్న దానిలో లేదని, డబ్బు చాలదన్న కారణంతో శాఖ తన ఆదేశాలతో హక్కును కుదించజాలదని కోర్టు నిర్ణయించింది. డబ్బు చాలనప్పుడు ఆ సంగతిని శాసనసభకు తెలియజేయాలి. సభ నిధులైనా పెంచాలి, లేదా బహిరంగంగా చట్టాన్నైనా మార్చాలి.

ఈ తీర్పు విలువ భారతీయ శ్రోతకు ఒక పోలికతో మరింత స్పష్టమవుతుంది. 2016 నాటి భారత వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించిన విస్తృతమైన శాసనమే అయినా, సామాజిక భద్రతను గురించిన దాని 24వ సెక్షన్ ప్రభుత్వం తన ఆర్థిక సామర్థ్యానికి, అభివృద్ధికి లోబడి పథకాలు రూపొందించాలని మాత్రమే చెబుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో వికలాంగుల పింఛను 2024లో నెలకు 3,000 నుంచి 6,000 రూపాయలకు పెరిగినా, తెలంగాణలో 4,016 రూపాయలుగా ఉన్నా, ఆ మొత్తాలను నిర్ణయించింది ప్రభుత్వాల ఉత్తర్వులే తప్ప లబ్ధిదారుడు కోర్టులో నిలదీయగల శాసనం కాదు. ఆర్థిక సామర్థ్యానికి లోబడి అనే షరతును లాంటర్‌మన్ చట్టంలోకి శాఖ తనంతట తాను చొప్పించడాన్నే 1985 తీర్పు అడ్డుకున్నది.

తీర్పు శాఖను కట్టివేసింది గాని శాసనసభను కాదు. తరువాతి నలభై ఏళ్ల చరిత్ర అంతా ఆ మిగిలిన ద్వారం గుండానే నడిచింది. కాలిఫోర్నియా రాజ్యాంగం ప్రకారం రాష్ట్రం ఏటా సమతుల్యమైన బడ్జెట్ ఆమోదించాలి. కేంద్ర ప్రభుత్వం అప్పు చేసి లోటు పూడ్చుకోగలదు. రాష్ట్రానికి ఆ సౌకర్యం లేదు. పైగా రాష్ట్రపు ఆదాయం సంపన్నుల ఆదాయపు పన్ను మీద, అందులోనూ షేర్ల లాభాల మీద ఎక్కువగా ఆధారపడి ఉండడం వల్ల మార్కెట్ కుప్పకూలిన ఏడాది ఖజానా కూడా కుప్పకూలుతుంది. ఉద్యోగాలు పోయి కుటుంబాలకు సహాయం మరింత అవసరమైన సమయంలోనే కోతలు వస్తాయి. ఆ కోతలు అమలులోకి వచ్చే సాధనం పేరు ట్రైలర్ బిల్లు. బడ్జెట్‌లోని అంకెలకు అనుగుణంగా ఇతర చట్టాలను సవరించేందుకు బడ్జెట్ వెంట లాగుకొచ్చే అనుబంధ బిల్లు ఇది. 2010లో ఓటర్లు ఆమోదించిన ప్రతిపాదన తరువాత సాధారణ మెజారిటీతో ఆమోదం పొంది వెంటనే అమలులోకి రాగలదు. మామూలు బిల్లు నెలల తరబడి సంఘాలలో నలిగితే, ట్రైలర్ బిల్లుకు తుది రూపం వచ్చాక ఓటుకు ముందు 72 గంటలు ప్రజల ముందుంటే చాలు. హక్కుకు సంబంధించిన వాక్యాలను ఇంత తొందరపాటు దారిలో మార్చడం సభా మర్యాదకు తగిన పని కాదు.

2009 వేసవిలో జరిగింది ఇదే. ఆర్థిక సంక్షోభంలో చిక్కుకున్న శాసనసభ జూలైలో ఒక ట్రైలర్ బిల్లు ద్వారా ప్రాంతీయ కేంద్రాలు కొనుగోలు చేసే సేవల నుంచి వేసవి శిబిరాలు, ఆటపాటలు, సంగీతం వంటి వైద్యేతర చికిత్సలు తొలగించింది. తల్లిదండ్రులకు ఇచ్చే విరామం మూడు నెలలకు 90 గంటలు దాటరాదని పరిమితి పెట్టింది. మూడేళ్ల లోపు పిల్లలకు ఇచ్చే తొలిదశ సహాయానికి అర్హతను బిగించి, రెండేళ్లు దాటిన పిల్లవాడు ఎదుగుదలలో ఒక్క రంగంలోనే వెనుకబడితే 33 శాతం బదులు 50 శాతం జాప్యం కనిపిస్తేనే చేర్చుకోవాలన్నది. లాంటర్‌మన్ చట్టం రద్దు కాలేదు, ఎవరి హక్కూ పోలేదు. హక్కు కింద దొరికే వస్తువుల పట్టిక మాత్రం చిన్నదైపోయింది. తొలిదశ అర్హత 2015లో, విరామం గంటలు 2018లో పాత స్థితికి వచ్చాయి. శిబిరాలు, ఆటపాటలు తిరిగి రావడానికి 2021 జూలై దాకా పట్టింది. తొమ్మిదేళ్ల వయసులో వేసవి శిబిరం పోగొట్టుకున్న పిల్లవాడు ఆ సేవ తిరిగి వచ్చేసరికి ఇరవై ఒక్క ఏళ్లవాడయ్యాడు. శాసనసభకు అది తాత్కాలిక నిలుపుదల. ఆ పిల్లవాడికి అది మొత్తం బాల్యం.

సేవల పట్టికను కత్తిరించడం కనీసం కంటికి కనిపించే కోత. కనిపించని కోత రేట్లలో జరుగుతుంది. రేటు అంటే సహాయకులను నియమించి సేవలందించే సంస్థకు ప్రభుత్వం గంటకు లేదా రోజుకు చెల్లించే మొత్తం. దీనిని పెంచకుండా వదిలేస్తే చాలు, ఏ చట్టాన్నీ సవరించనక్కరలేకుండా సేవ దానంతట అదే తగ్గిపోతుంది. కాలిఫోర్నియాలో చాలా రేట్లు 2000ల నుంచి స్తంభించిపోయి ఉండగా, 2009 ఫిబ్రవరిలో చెల్లింపులలో 3 శాతం, 2010లో 4.25 శాతానికి చేరిన కోత వచ్చి పడింది. 2013 జూలై దాకా అది పూర్తిగా తొలగలేదు. ఆ తరువాత 2016లో అదే శాసనసభ కనీస వేతనాన్ని అంచెలంచెలుగా గంటకు 15 డాలర్లకు పెంచే చట్టం చేసింది. వేతనం పెరగడం న్యాయమే. ఆ వేతనం చెల్లించవలసిన సంస్థకు వచ్చే రేటు కదలకపోవడమే వైరుధ్యం. హాంబర్గర్ దుకాణంలో దొరికే జీతమే వికలాంగుని సహాయకురాలికీ దొరుకుతున్నప్పుడు ఆమె దుకాణానికి వెళ్లిపోతుంది. ప్రణాళికలో నెలకు నలభై గంటలు రాసి ఉన్నా వచ్చే మనిషి ఉండదు. విస్తరి పరిచి వడ్డన మరచినట్లుంటుంది ఆ స్థితి.

రేట్ల విషయంలో కోర్టులు కూడా పెద్దగా ఆదుకోలేవని 2015లో ఐడహో రాష్ట్రానికి చెందిన ఒక కేసులో తేలింది. ఖర్చుల అధ్యయనం రేట్లు పెంచాలని చెప్పినా ఐడహో శాసనసభ నిధులు కేటాయించకపోవడంతో, వికలాంగులకు ఇంటి సేవలందించే సంస్థలు మెడికెయిడ్ చట్టం కోరే చాలినంత చెల్లింపు జరగడం లేదని దావా వేశాయి. అమెరికా సుప్రీంకోర్టు 5–4 ఆధిక్యంతో, అటువంటి దావా వేసే అధికారం సంస్థలకు లేదని, ఆ నిబంధనను అమలుపరచే పని కేంద్ర ప్రభుత్వ శాఖదేనని చెప్పింది. ఆ విధంగా రేటు అనేది దాదాపు పూర్తిగా శాసనసభల దయకు మిగిలిపోయింది.

కాలిఫోర్నియాలో ఈ ముడి విప్పడానికి పదేళ్లు పట్టింది. గవర్నర్ జెర్రీ బ్రౌన్ 2015లో పిలిచిన ప్రత్యేక సమావేశం మరుసటి ఏడాది మార్చిలో సుమారు 28 కోట్ల 70 లక్షల డాలర్ల రాష్ట్ర నిధులను ఎదుగుదల వైకల్యాల సేవలకు కేటాయించి, అందులో అధిక భాగాన్ని సహాయకుల వేతనాలకే ముడిపెట్టింది. రేట్లు ఎంత ఉండాలో శాస్త్రీయంగా లెక్కకట్టాలని కూడా ఆదేశించింది. 2019లో వెలువడిన ఆ అధ్యయనం ఉన్న రేట్లకూ ఉండవలసిన రేట్లకూ మధ్య ఏడాదికి దాదాపు 180 కోట్ల డాలర్ల తేడా ఉందని చూపింది. 2021 బడ్జెట్ ఆ తేడాను దశలవారీగా పూడ్చడానికి సంకల్పించింది. చివరి దశ 2024 జూలైలో రావలసి ఉండగా, ఖజానా మళ్లీ బిగుసుకోవడంతో గవర్నర్ గవిన్ న్యూసమ్ దానిని ఏడాది వాయిదా వేయాలని ప్రతిపాదించాడు. తల్లిదండ్రులు, సహాయకులు, సేవాసంస్థలు ఒక్కటై సాక్రమెంటోలోని శాసనసభ భవనానికి తరలివచ్చాక ఆ వాయిదా ఆరు నెలలకు తగ్గి, కొత్త రేట్లు 2025 జనవరి 1న అమలులోకి వచ్చాయి.

ఆస్తి పరిమితి కథ ఇంతకంటె చిత్రమైనది. వృద్ధులు, వికలాంగులు మెడి-కాల్ పొందాలంటే ఇల్లు, ఒక వాహనం వంటివి మినహాయించి ఒంటరి మనిషి దగ్గర 2,000 డాలర్లకు మించిన ఆస్తి ఉండకూడదన్న నిబంధన దశాబ్దాల తరబడి కదలకుండా ఉండిపోయింది. జీతం నుంచి నాలుగు డబ్బులు దాచుకున్న వికలాంగుడు ఆ పొదుపు వల్లనే వైద్యం పోగొట్టుకునే ఏర్పాటు అది. 2021లో శాసనసభ చట్టం మార్చి 2022 జూలై నుంచి పరిమితిని 1,30,000 డాలర్లకు పెంచింది. 2024 జనవరి నుంచి పూర్తిగా తొలగించింది. తరువాత 2025 వేసవిలో దాదాపు 1,200 కోట్ల డాలర్ల లోటు ఎదురైనప్పుడు, 2026 జనవరి నుంచి 1,30,000 డాలర్ల పరిమితిని మళ్లీ తెచ్చింది. అంతకుముందు ప్రతిపాదనలో గవర్నర్ పాత 2,000 డాలర్ల గీతకే వెళ్లాలన్నా, సభ ఒప్పుకోలేదు. ఇంటి దగ్గర సహాయకులకు వేతనమిచ్చే పథకంలో వారానికి 50 గంటలకు మించిన పనికి చెల్లింపు ఉండరాదన్న ప్రతిపాదననూ సభ అదే బడ్జెట్‌లో తిరస్కరించింది. తీవ్ర వైకల్యం గలవారికి నెలకు 283 గంటల దాకా సహాయం అనుమతించే ఆ పథకంలో చాలా సందర్భాలలో సహాయకులు తల్లిదండ్రులే కాబట్టి, ఆ తిరస్కారం వల్ల వేల ఇళ్లలో పొయ్యి వెలిగిందనవచ్చు.

శాసనసభ చేసిన మంచి పనులు లేకపోలేదు. ఆటిజానికి ప్రవర్తన చికిత్సను ఆరోగ్య బీమా సంస్థలు భరించాలన్న 2011 చట్టం, తమ సేవల బడ్జెట్‌ను తామే నిర్వహించుకునే స్వయం నిర్ణయ పథకానికి తలుపు తీసిన 2013 చట్టం, వికలాంగులకు కనీస వేతనం కంటె తక్కువ చెల్లించే పాత పద్ధతిని 2025 ఆరంభానికి అంతం చేయాలన్న 2021 చట్టం ఆ కోవలోవే. కాని ఇటువంటి బిల్లులలో అనేకం దారిలోనే ఆగిపోతాయి. ఖర్చు ఒక పరిమితి దాటే ప్రతి బిల్లునూ ఆర్థిక సంఘం సస్పెన్స్ ఫైల్ అనే పక్క దొంతరలో పెట్టి, ఏడాదికి రెండుమార్లు ఒకే సిట్టింగులో వందలాది బిల్లుల భవితవ్యాన్ని చర్చ లేకుండా చదివేస్తుంది. దిగువ సభ అయిన అసెంబ్లీలో ఆ పరిమితి 1,50,000 డాలర్లు. వికలాంగుల బిల్లులలో అంతకంటె తక్కువ ఖర్చయ్యేవి చాలా తక్కువ.

ఇక 2025 జూలై 4న సంతకమైన కేంద్ర చట్టం ఈ లెక్కలన్నింటినీ మళ్లీ మొదటికి తెచ్చింది. పదేళ్లలో మెడికెయిడ్ మీద కేంద్రం చేసే ఖర్చు సుమారు 91 వేల కోట్ల డాలర్లు తగ్గుతుందని కాంగ్రెస్ బడ్జెట్ కార్యాలయం అంచనా. తగ్గింపు ఎక్కువగా రెండు మార్గాలలో వస్తుంది. మొదటిది, మెడికెయిడ్‌ను తక్కువ ఆదాయం గల పెద్దలకు మరింతగా వర్తింపజేసిన విస్తరణ కింద చేరిన 19 నుంచి 64 ఏళ్ల వయసువారు నెలకు 80 గంటలు పనిచేస్తున్నట్లు 2027 ఆరంభం నుంచి రుజువు చూపాలన్న షరతు. వికలాంగులకు, వారిని చూసుకునేవారికి మినహాయింపు ఉందిగాని, మినహాయింపుకూ కాగితాలు కావాలి. 2018లో ఆర్కన్సా రాష్ట్రం ఇటువంటి షరతు పెట్టినప్పుడు కొద్ది నెలల్లోనే 18 వేల మందికి పైగా వైద్య సహాయం కోల్పోయారు. రెండవది సాంకేతికమైనదే అయినా రాష్ట్రాల నడుము విరిచేది. రాష్ట్రాలు ఆస్పత్రుల మీద, ఆరోగ్య పథక సంస్థల మీద పన్ను వేసి, ఆ సొమ్మును తమ వాటాగా చూపి, కేంద్రం నుంచి దానికి సరిజోడు నిధులు రాబట్టుకుంటాయి. ఆ పన్నుల పరిమితి విస్తరణను అమలు చేసిన రాష్ట్రాలలో 6 శాతం నుంచి అంచెలంచెలుగా 3.5 శాతానికి దిగుతుంది. కాలిఫోర్నియా ఓటర్లు 2024 నవంబరులో శాశ్వతం చేసిన ఆరోగ్య పథకాల పన్ను ప్రస్తుత రూపం కూడా కొత్త నిబంధనల కింద నిలబడలేదు.

ఈ లోటు వికలాంగుల మీద ఎలా పడుతుందో ఊహించడం కష్టం కాదు. కేంద్ర చట్టం వారి పేరు ఎత్తి ఏ సేవనూ తీసివేయలేదు. నిధులు తగ్గిన రాష్ట్రం తప్పనిసరి సేవలను తాకలేదు కాబట్టి ఐచ్ఛిక సేవల వైపు చూస్తుంది. ఇంటి దగ్గరి సహాయంలో అధిక భాగం ఇప్పటికీ ఐచ్ఛికమే. అలాగని వారిని తిరిగి సంస్థలకు పంపే దారీ లేదు. 1999లో జార్జియా రాష్ట్రానికి చెందిన లోయిస్ కర్టిస్, ఎలేన్ విల్సన్ అనే ఇద్దరు స్త్రీల కేసులో అమెరికా సుప్రీంకోర్టు, సమాజంలో జీవించగల వికలాంగుని అకారణంగా సంస్థలో ఉంచడం వివక్ష అని తీర్పు చెప్పింది. కాలిఫోర్నియా తన పాత ఆస్పత్రులలో ఆగ్న్యూస్‌ను 2009లో, లాంటర్‌మన్ పేరే పెట్టుకున్న సంస్థను 2014లో, సొనోమాను 2018లో మూసివేసింది. వెనక్కి పంపడానికి ఆ భవనాలు లేవు. ఇంటి సేవ తగ్గితే ఆ భారం వృద్ధాప్యంలోకి జారుతున్న తల్లిదండ్రుల భుజాల మీదికి వస్తుంది.

ఉన్న డబ్బు ఎవరికి ఎంత చేరుతుందో తెలిసేలా ప్రాంతీయ కేంద్రాల ఖర్చు భాషల వారీగా, జాతుల వారీగా ఏటా ప్రచురించాలని 2012 నాటి చట్టం ఆదేశించింది. తెల్లజాతి కుటుంబాలకు తలసరి అందే సేవలు లాటినో కుటుంబాలకు అందేవాటికంటె ఎక్కువని ఆ లెక్కలు చూపుతూ వచ్చాయి. అడిగేవారికి ఎక్కువ, అడగనివారికి తక్కువ అందే వ్యవస్థలో మొహమాటానికి ఖరీదు ఉంటుంది. ప్రణాళిక సమావేశంలో కుటుంబం తన మాతృభాషలో దుబాసీని కోరవచ్చునని, నిరాకరించిన సేవకు లిఖితపూర్వక కారణం అడిగి అప్పీలు చేసుకోవచ్చునని చట్టం చెబుతున్నది కాబట్టి, తెలుగు తల్లిదండ్రులు ఆ రెండింటినీ వాడుకోవాలి. శాసనసభ విషయంలో మాత్రం తేదీలు గుర్తుంచుకోవాలి. గవర్నర్ బడ్జెట్ ప్రతిపాదన జనవరి 10లోగా, సవరించిన ప్రతిపాదన మే 14లోగా వస్తాయి. సభ జూన్ 15లోగా ఆమోదించాలి. ఈ మధ్యకాలంలో బడ్జెట్ ఉపసంఘాలు జరిపే బహిరంగ విచారణలలో ఓటు హక్కుతో నిమిత్తం లేకుండా రాష్ట్రంలో నివసించే ఎవరైనా తమ మాట చెప్పవచ్చు, లేఖ పంపవచ్చు. రేట్ల గురించి, ఆస్తి పరిమితి గురించి మార్చి నెలలో చేరిన ఒక లేఖకు ఉన్న బలం, ట్రైలర్ బిల్లు మీద సంతకమైపోయిన జూలైలో వంద లేఖలకు ఉండదు.